నియమం కోసం నిలబడిన క్రీడాకారుడు

ప్రవేశిక

ఆటలో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో లోకం గుర్తుంచుకొంటుంది. ఆ ఆటను ఆటగా నిలిపేవి నియమాలన్న సంగతిని మాత్రం తరచు మరచిపోతుంది. నియమాలు లేని ఆట కలహం అవుతుంది. అమలుకు నోచుకోని చట్టం కాగితంగానే మిగిలిపోతుంది. ఈ రెండు సత్యాలను స్వానుభవంతో గ్రహించిన వ్యక్తి విలియం హెన్రీ లూయిస్. ఆయన అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ తొలినాళ్లలో పేరు పొందిన ఆటగాడు. బానిసత్వం నుండి విముక్తులైన తల్లిదండ్రులకు జన్మించి, ఆటస్థలంలోనూ, న్యాయశాఖలోనూ తనకంటూ ఒక స్థానాన్ని సంపాదించుకొన్నాడు. ఆ మహనీయుని జీవితాన్ని పరిచయం చేయడమే ఈ పాఠం ఉద్దేశం.

ఆట స్వరూపం

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో బంతిని తన్నుతూ ఆడే ఆట స్ఫురిస్తుంది. అమెరికాలో ఆ పేరుతో ప్రసిద్ధమైన ఆట వేరు. అందులో కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టుకొని, ఎదుటి జట్టును ఛేదించుకొంటూ ముందుకు సాగాలి. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల విద్యార్థులు ఆడిన పోటీని ఈ కళాశాల క్రీడకు నాందిగా భావిస్తారు. అప్పటి ఆటకు, నేటి ఆటకు పోలిక చాలా తక్కువ. ఆనాడు ఒక్కొక్క జట్టులో 25 మంది ఉండేవారు. బంతిని చేత పట్టుకొని పరుగెత్తడం అప్పటికి ఇంకా లేదు.

1880 ప్రాంతంలో యేల్ కళాశాలకు చెందిన వాల్టర్ క్యాంప్ ప్రతిపాదించిన నియమాలతో ఆట కొత్త రూపు దాల్చింది. జట్టుకు 11 మంది చాలునని నిర్ణయించారు. బంతి ఉన్నచోట ఒక ఊహారేఖను ఏర్పరచి, రెండు జట్లు దానికి అటూ ఇటూ నిలవాలన్నారు. మన చెడుగుడు ఆటలో మధ్యగీతకు ఎంతటి ప్రాధాన్యం ఉన్నదో, ఈ ఆటలో ఆ రేఖకు అంతటి ప్రాధాన్యం ఉన్నది. అయితే చెడుగుడు గీత నేలపై స్థిరంగా ఉంటుంది. ఈ ఆటలోని రేఖ బంతితోపాటు కదులుతూ ఉంటుంది.

ఆ రేఖ నడుమ నిలిచే ఆటగాణ్ణి 'సెంటర్' అంటారు. బంతిని తన కాళ్ల మధ్యనుండి వెనుకనున్న సహచరునికి అందించడం అతని మొదటి విధి. ఆ మరుక్షణమే ఎదుటివారి తాకిడిని తట్టుకొని, దారి ఏర్పరచడం రెండవ విధి. ఆ రోజుల్లో నేటివంటి గట్టి శిరస్త్రాణాలు లేవు. తలకు రక్షణగా ఉంటుందని ఆటగాళ్లు జుట్టు పెంచుకొనేవారు. ప్రతిసారీ మొదటి దెబ్బ సెంటర్‌పైననే పడేది. లూయిస్ ఎన్నుకొన్న స్థానం అదే.

బాల్యం, విద్య

లూయిస్ 1868 నవంబరు 28న వర్జీనియా రాష్ట్రంలోని బర్క్‌లీ అనే ఊరిలో జన్మించాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి అప్పటికి మూడేళ్లే అయింది. 1865లో జరిగిన రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేసింది. లూయిస్ పుట్టిన 1868లోనే అమలులోకి వచ్చిన పద్నాలుగవ సవరణ, చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఉంటుందని ప్రకటించింది. ఆ ప్రకటన, ఆ శిశువు దాదాపు ఒకే వయసువి. ఆ వాగ్దానం ఆచరణలో ఎంతవరకు నిలిచిందో ఆయన జీవితం పొడవునా చూశాడు.

తండ్రి మతబోధకుడు. చదువుపై మక్కువ గల కుటుంబం కావడం వల్ల లూయిస్ చిన్ననాటినుండే విద్యలో రాణించాడు. పదిహేనేళ్ల వయసుకు వర్జీనియాలో నల్లజాతి విద్యార్థుల కోసం స్థాపించిన ప్రభుత్వ కళాశాలలో చేరాడు. ప్రముఖ న్యాయవాది జాన్ మెర్సర్ లాంగ్‌స్టన్ ఆ కళాశాలకు అధ్యక్షుడుగా ఉండేవాడు. ఆయన ఈ యువకుని ప్రతిభను గుర్తించి, ఉత్తరాదిన ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్‌హర్స్ట్ కళాశాలలో చేరడానికి తోడ్పడ్డాడు. దారి చూపే గురువు దొరకడం లూయిస్ జీవితంలోని తొలి అదృష్టం.

ఆమ్‌హర్స్ట్ జట్టు నాయకుడు

1888లో ఆమ్‌హర్స్ట్‌లో అడుగుపెట్టిన లూయిస్‌కు ఫుట్‌బాల్‌తో అనుబంధం అక్కడ బలపడింది. వర్జీనియా కళాశాలలో ఆయన సహవిద్యార్థియైన విలియం జాక్సన్ కూడా అదే జట్టులో ఆడాడు. శ్వేతజాతి విద్యార్థులు అత్యధికంగా ఉన్న కళాశాలలో ఇద్దరు నల్లజాతి యువకులు ఒకే జట్టులో నిలవడం ఆనాడు అపురూపమైన దృశ్యం.

1891లో జట్టు సభ్యులు లూయిస్‌ను నాయకునిగా ఎన్నుకొన్నారు. ఈ ఎన్నికకు గల అర్థాన్ని మనం గ్రహించాలి. దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతివారిని రైళ్లలోనూ, పాఠశాలల్లోనూ వేరుచేసే చట్టాలు వెలువడుతున్న కాలమది. అటువంటి కాలంలో శ్వేతజాతి యువకులు తమ ఆటకు అతని మాటను ప్రమాణంగా స్వీకరించారు. ఆటస్థలంలో ఎవరు బలంగా నిలుస్తారో, ఎవరు తెలివిగా ఆలోచిస్తారో అందరి కళ్ల ఎదుటనే తేలిపోతుంది. అక్కడ ప్రతిభకు సాక్ష్యం అడగవలసిన అవసరం లేదు.

లూయిస్ ఆటతోనే తృప్తి చెందలేదు. వక్తృత్వంలోనూ పేరు తెచ్చుకొన్నాడు. 1892లో పట్టభద్రుడైనపుడు తన తరగతి పక్షాన ప్రసంగించే గౌరవం ఆయనకే దక్కింది. ఆ ఉత్సవాన్ని చూడడానికి వచ్చినవారిలో, తరువాతి కాలంలో మహామేధావిగా ప్రసిద్ధికెక్కిన డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ కూడా ఉన్నాడు.

హార్వర్డ్ మైదానంలో

ఆ ఏడాదే లూయిస్ న్యాయశాస్త్రం చదవడానికి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. న్యాయ విద్యార్థులు విశ్వవిద్యాలయ జట్టులో ఆడడానికి ఆనాటి నియమాలు అనుమతించేవి. అందువల్ల 1892, 1893 సంవత్సరాలలో ఆయన హార్వర్డ్ జట్టుకు సెంటర్‌గా ఆడాడు. ఆయన బరువు సుమారు 175 పౌండ్లు, అనగా దాదాపు 79 కిలోలు. ఆ స్థానానికి అది తక్కువ బరువే. ఆ లోటును వేగంతోనూ, సమయస్ఫూర్తితోనూ పూరించుకొన్నాడు.

దేశంలో ప్రతి స్థానానికి అత్యుత్తమ ఆటగాణ్ణి ఎంపిక చేసి 'ఆల్ అమెరికన్' జట్టుగా ప్రకటించే సంప్రదాయం 1889లో మొదలయింది. లూయిస్ 1892లోనూ, 1893లోనూ ఆ జాబితాకు ఎంపికయ్యాడు. ఆ గౌరవం పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. 1893 నవంబరులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంతో జరిగిన పోటీలో జట్టు నాయకత్వ బాధ్యత కూడా ఆయన భుజాలపై పడింది.

ఆ కాలపు ఆటలో ప్రమాదం ఎంతగా పొంచి ఉండేదో తెలియజేసే సంఘటన ఒకటి ఉన్నది. 1892 నవంబరులో యేల్‌తో జరిగిన పోటీలో హార్వర్డ్ జట్టు 'ఫ్లయింగ్ వెడ్జ్' అనే కొత్త వ్యూహాన్ని ప్రయోగించింది. ఆటగాళ్లు రెండు వరుసలుగా దూరంనుండి పరుగెత్తుకొని వచ్చి, గొడ్డలి అంచు వలె ఒకచోట కలిసి, బంతి పట్టినవానిని తమ నడుమ ఉంచుకొని ఎదుటివారిపై విరుచుకుపడేవారు. దీనిని రూపొందించిన లోరిన్ డీలాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు కాడు, చదరంగంపై ఆసక్తి గలవాడు. వ్యూహం అద్భుతంగా ఉన్నా, ఎదుటివారికి తగిలే గాయాలు ఘోరంగా ఉండేవి. ఆ పోటీలో గెలుపు యేల్‌నే వరించింది. రెండేళ్లు తిరగకముందే, 1894లో, అటువంటి వ్యూహాలను నిషేధించారు. తెలివితేటలకు నియమం తోడుకాకపోతే ఆట హింసగా మారుతుందని యువకుడైన లూయిస్ దగ్గరనుండి చూశాడు.

ఒక క్షౌరశాల నేర్పిన పాఠం

మైదానంలో వేలాదిమంది జేజేలు పలికినా, వీధిలో పరిస్థితి వేరుగా ఉండేది. 1893లో హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జి పట్టణంలోని ఒక క్షౌరశాలకు లూయిస్ వెళ్లాడు. ఆయన నల్లజాతివాడైనందువల్ల గడ్డం గీయడానికి అక్కడ నిరాకరించారు. దేశమంతటా ఆడేవారిలో ఉత్తముడని పేరు పొందిన క్రీడాకారునికి ఒక కుర్చీలో కూర్చునే అర్హత లేకపోయింది.

అవమానం కలిగినపుడు మనిషి ముందు రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి కోపంతో కలహించడం, మరొకటి తలవంచుకొని వెళ్లిపోవడం. లూయిస్ మూడవ దారిని ఎన్నుకొన్నాడు. చట్టం ఏమి చెబుతున్నదో పరిశీలించాడు. బహిరంగ స్థలాలలో జాతివివక్షను నిషేధించే చట్టం మసాచుసెట్స్‌లో 1865 నుండే ఉన్నది. కాని అందులో క్షౌరశాల ప్రస్తావన స్పష్టంగా లేదు. ఆ లోపాన్ని సవరించవలసిందిగా శాసనసభ్యులను కోరాడు. ఇంకా విద్యార్థిగా ఉన్న యువకుని ప్రయత్నం ఫలించింది. 1893లోనే చట్టాన్ని సవరించి, క్షౌరశాలలను కూడా దాని పరిధిలోకి తెచ్చారు.

ఈ విజయం ఒక్క లూయిస్‌ది కాదు. ఆ తరువాత ఆ రాష్ట్రంలో క్షౌరశాల గుమ్మంలో నిలిచిన ప్రతి నల్లజాతి పౌరునికీ ఆ సవరణ అండగా నిలిచింది. తనకు జరిగిన అన్యాయాన్ని తనవరకే పరిమితం చేసుకోక, మరొకరికి జరగకుండా చూడడమే పౌరధర్మం.

శిక్షకుడు, గ్రంథకర్త

1895లో న్యాయపట్టా పొందిన లూయిస్, బోస్టన్ నగరంలో న్యాయవాద వృత్తి ప్రారంభించాడు. అదే సమయంలో హార్వర్డ్ జట్టుకు శిక్షకునిగా పనిచేయసాగాడు. సుమారు పన్నెండేళ్లు ఆ బాధ్యత నిర్వహించాడు. ఎదుటివారి దాడిని అడ్డుకొనే పద్ధతులను బోధించడంలో ఆయనకు మంచి పేరు వచ్చింది.

1896లో ఆయన రచించిన 'ఎ ప్రైమర్ ఆఫ్ కాలేజ్ ఫుట్‌బాల్' అనే గ్రంథం ప్రచురితమయింది. మొదట వ్యక్తిగత నైపుణ్యాలను నేర్చుకొని, తరువాత జట్టుగా కలిసి ఆడే పద్ధతిని అభ్యసించే విధంగా అందులో విషయాన్ని వివరించాడు. అదే 1896లో అమెరికా సుప్రీంకోర్టు 'ప్లెసీ వర్సెస్ ఫెర్గూసన్' కేసులో తీర్పు చెబుతూ, రైలుపెట్టెలలో నల్లజాతివారిని వేరుగా కూర్చోబెట్టడం రాజ్యాంగబద్ధమే అన్నది. ఒకవైపు దేశం మనుషులను వేరుచేస్తూ ఉంటే, మరొకవైపు ఒక నల్లజాతి గ్రంథకర్త దేశంలోని యువకులందరికీ కలిసి ఆడే విద్యను నేర్పుతున్నాడు.

ఆటలో గాయాలు మాత్రం ఆగలేదు. 1905లో ఒక్క సీజనులోనే 18 మందికి తక్కువ కాకుండా మరణించారని వార్తాపత్రికలు లెక్క చెప్పాయి. ఆటను పూర్తిగా నిషేధించాలనే వాదం బలపడింది. హార్వర్డ్ పూర్వ విద్యార్థి, నాటి దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1905 అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతభవనానికి పిలిపించి, ఆటను సంస్కరించవలసిందిగా కోరాడు. 1906లో కొత్త నియమాలు వచ్చాయి. బంతిని ముందుకు విసరడానికి అనుమతి లభించింది. మూడు ప్రయత్నాలలో 5 గజాలకు బదులు 10 గజాలు సాగాలన్న నియమం ఏర్పడింది. దీనితో గుంపుగా కూడి తోసుకొనే ఆట తగ్గి, మైదానమంతటా విస్తరించే ఆట పెరిగింది.

ఆ సంస్కరణలలో తటస్థ స్థలం ఒకటి. బంతి పొడవు ఎంతో అంత ఖాళీని రెండు జట్ల మధ్య విడిచిపెట్టాలన్నదే ఆ నియమం. అంతకు ముందు రెండు వరుసలూ ఒకరినొకరు ఆనుకొన్నంత దగ్గరగా నిలవడం వల్ల, ఆట మొదలు కాకముందే పిడిగుద్దులు సాగేవి. ఎవరు ముందు గీత దాటారో చెప్పడం న్యాయనిర్ణేతకు సాధ్యమయ్యేది కాదు. ఆ కొద్దిపాటి ఖాళీ వల్ల తప్పు స్పష్టంగా కనిపించసాగింది. ఈ ఆలోచన లూయిస్‌దేనని ఆట చరిత్రకారులు చెబుతారు. ఆ గీత మధ్యన నిలిచి దెబ్బలు తిన్న సెంటర్‌కే ఆ ఖాళీ విలువ తెలియడం సహజం. నేటికీ ఆ నియమం అమలులో ఉన్నది.

ప్రజాసేవ

లూయిస్ 1899లో కేంబ్రిడ్జి నగరపాలక మండలికి ఎన్నికయ్యాడు. 1902లో మసాచుసెట్స్ శాసనసభలో సభ్యునిగా పనిచేశాడు. 1903లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆయనను బోస్టన్‌లో సహాయ ఫెడరల్ న్యాయవాదిగా నియమించింది. ఆ పదవి పొందిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే. తరువాత అధ్యక్షుడు టాఫ్ట్ ఆయనను అమెరికా అసిస్టెంట్ అటార్నీ జనరల్ పదవికి ఎంపిక చేశాడు. దక్షిణాది సభ్యుల తీవ్ర వ్యతిరేకతను దాటుకొని, 1911 జూన్‌లో సెనేట్ ఆ నియామకాన్ని ఆమోదించింది. కార్యనిర్వాహక శాఖలో అప్పటివరకు ఏ నల్లజాతి పౌరుడూ నియామకం ద్వారా అంతటి ఉన్నత పదవిని పొందలేదు.

ఈ పదవులన్నీ ప్రతిభ ఒక్కదానితోనే రాలేదన్నది కూడా నిజమే. నాటి నల్లజాతి నాయకులలో పలుకుబడి గల బుకర్ టి. వాషింగ్టన్ మద్దతు ఆయనకు తోడ్పడింది. లూయిస్ యువకునిగా ఉన్నపుడు వాషింగ్టన్ విధానాలను విమర్శించినవాడే. తరువాత ఆయనకు సన్నిహితుడయ్యాడు. ఈ మార్పును తప్పుపట్టినవారూ ఉన్నారు. గొప్పవారి జీవితాలలోనూ ఇటువంటి చిక్కుముడులు ఉంటాయి. వాటిని దాచిపెట్టి చెప్పడం చరిత్ర కాదు.

న్యాయవాదుల సంఘంలో అన్యాయం

లూయిస్ 1911లో అమెరికన్ బార్ అసోసియేషన్‌లో సభ్యునిగా చేరాడు. ఆయన నల్లజాతివాడని తెలియగానే కొందరు సభ్యులు అభ్యంతరం లేవదీశారు. 1912లో సంఘ కార్యవర్గం ఆయన సభ్యత్వాన్ని రద్దు చేయడానికి పూనుకొన్నది. చట్టాన్ని కాపాడవలసిన న్యాయవాదులే చట్టస్ఫూర్తిని ఉల్లంఘించబోయారు.

స్వయంగా రాజీనామా చేస్తే గొడవ సద్దుమణుగుతుందని కొందరు భావించారు. లూయిస్ అందుకు అంగీకరించలేదు. ఆయన పై అధికారియైన అటార్నీ జనరల్ జార్జ్ వికర్‌షామ్ ఆయనకు అండగా నిలిచి, దాదాపు 4,700 మంది సభ్యులకు లేఖ పంపి, ఈ చర్యను ఖండించాడు. చివరకు 1912 వార్షిక సమావేశంలో రాజీ కుదిరింది. లూయిస్ సభ్యత్వం నిలిచింది. కాని ఇకపై దరఖాస్తు చేసుకొనేవారు తమ జాతిని తెలియజేయాలని తీర్మానించారు. ఒక వ్యక్తికి తలుపు తెరచి, ఆయన వెనుక వచ్చేవారికి మూసివేయడం వంటిది ఆ రాజీ. సభ్యత్వానికి జాతి అడ్డు కారాదని ఆ సంఘం ప్రకటించడానికి 1943 వరకు పట్టింది.

చివరి దశ

1913లో ప్రభుత్వం మారడంతో లూయిస్ పదవీకాలం ముగిసింది. ఆయన బోస్టన్‌కు తిరిగి వచ్చి న్యాయవాద వృత్తిని కొనసాగించాడు. 1915లో నల్లజాతివారిని కించపరుస్తూ నిర్మించిన ఒక చలనచిత్రానికి వ్యతిరేకంగా బోస్టన్‌లో జరిగిన ఆందోళనలో పాల్గొన్నాడు. నల్లజాతివారికి ఇళ్లు అమ్మరాదని ఇరుగుపొరుగువారు రాసుకొన్న ఒప్పందాన్ని సవాలు చేస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసులో, బాధితుల పక్షాన వాదనపత్రం సమర్పించిన న్యాయవాదులలో ఆయన ఒకడు. 1926లో వెలువడిన తీర్పు వారికి అనుకూలంగా రాలేదు.

అయితే ఓటమితో కథ ముగియలేదు. 1948లో అదే సుప్రీంకోర్టు, అటువంటి ఒప్పందాలను న్యాయస్థానాలు అమలు చేయరాదని మరొక కేసులో తేల్చిచెప్పింది. ఆ తీర్పు వచ్చిన కొద్ది నెలలకు, 1949 జనవరి 1న, లూయిస్ తన 80వ ఏట బోస్టన్‌లో కన్నుమూశాడు. ఆయన మరణించిన అరవై ఏళ్లకు, 2009లో, కళాశాల ఫుట్‌బాల్ ప్రముఖుల సరసన ఆయన పేరును చేర్చి గౌరవించారు.

ముగింపు

లూయిస్ జీవితంలో మనకు రెండు గీతలు కనిపిస్తాయి. ఒకటి మైదానంలో రెండు జట్లను విడదీసే గీత. అది ఇరుపక్షాలకూ సమానం, కావున అది ఆటను కాపాడుతుంది. మరొకటి సమాజంలో మనిషిని మనిషి నుండి వేరుచేసే గీత. అది ఒక పక్షాన్ని మాత్రమే అణచివేస్తుంది, కావున అది అన్యాయం. మొదటి గీతను స్పష్టపరచడానికీ, రెండవ గీతను చెరిపివేయడానికీ ఆయన ఒకే పద్ధతిని అనుసరించాడు. నియమం ఏమిటో తెలుసుకొన్నాడు, లోపం ఉంటే సవరించమని అడిగాడు, తన స్థానాన్ని విడిచి కదలలేదు. విద్యార్థి దశలో ఆటను ఆటగా ఆడినవారు, పౌరులుగా న్యాయాన్ని న్యాయంగా కోరగలరని ఆయన జీవితం చాటుతున్నది.

అభ్యాసం

1. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సెంటర్ విధులను వివరించండి.
2. క్షౌరశాల సంఘటనకు లూయిస్ స్పందించిన తీరును మీ మాటల్లో రాయండి.
3. తటస్థ స్థలం నియమం వల్ల ఆటకు కలిగిన మేలు ఏమిటి?
4. 1912లో బార్ అసోసియేషన్ చేసుకొన్న రాజీ న్యాయమైనదేనా? కారణాలతో చర్చించండి.
5. నియమాలు లేని ఆట కలహం అవుతుందనే వాక్యాన్ని, మీరు ఆడే లేదా చూసే ఒక ఆటను ఉదాహరణగా తీసుకొని సమర్థించండి.